నైట్రోజన్ లేని రాత్రి

ఆక్సిజన్ ట్యాంకర్ రెండు గంటలు ఆలస్యం.
డ్రైవరు పొగమంచు అన్నాడు, సంతకం అన్నాడు,
టీ ఏమైనా ఉందా అన్నాడు.
లింకన్ కొండమీద పెద్ద చర్చి
నడుం దాకా తెల్లగా మునిగిపోయి ఉంది.

గొట్టాలమీద మంచు పేరుకుంటోంది.
నిప్పుకి ఇంత చల్లటి భోజనం వడ్డించడం
నాకిప్పటికీ వింతే.

గాలి అంటాం గానీ
అందులో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళు నైట్రోజనే.
పెళ్ళికొచ్చి, పంక్తిలో కూర్చుని,
ఏ పనికీ చెయ్యి వెయ్యకుండా
వెచ్చబడి వెళ్ళిపోయే చుట్టం.
పోతూపోతూ కార్బన్ డయాక్సైడ్‌ని
తన గుంపులో కలుపుకుని పొగగొట్టం దాటిస్తాడు.
ఇక దాన్ని ఏరి పట్టుకోవడం
తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే.

అందుకే ఈసారి పిలవలేదు.

హంస పాలనీ నీళ్ళనీ వేరు చేస్తుందని
మాకు చిన్నప్పుడు చెప్పారు.
బ్రేఫర్డ్ కొలనులో హంసని రోజూ చూస్తాను.
తడిసిన చిప్స్ తింటుంది,
ఏదీ వేరు చెయ్యదు.
గాలిని విడదీసే హంస వేరే ఉంది,
ఇనుముతో చేసింది, కరెంటు తాగుతుంది.
మేం పుట్టించే ప్రతి ఏడు యూనిట్లలో
ఒకటి దాని గొంతులోకే అని నా లెక్క.
ఆ కాగితం చూసి మా మేనేజరు
కళ్ళద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

చుట్టం రాకపోయాకే తెలిసింది చుట్టం విలువ.
వట్టి ఆక్సిజన్ దొరికిన మంట
లోహాన్ని మైనాన్ని చూసినట్టు చూస్తుంది.
ఊరికే తిని పోయాడనుకున్నవాడు
ఇన్నేళ్ళూ వేడిని మోసుకుపోయాడన్నమాట.

ఇప్పుడా ఖాళీ పీటమీద పొగనే కూర్చోబెట్టాం.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ పొగ లేనిదే నిప్పుకి నిలకడ లేదు.
కాలిన ఊపిరిని చల్లబరిచి, తడి పిండేసి,
మళ్ళీ దాని నోటికే అందిస్తాం.
ఎక్కువైతే అది ఆరిపోతుంది,
తక్కువైతే మేం.

నిన్న పదకొండుసార్లు ఆరిపోయింది.

బ్రెండా ఓడ్లింగ్ ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ షెడ్డులో ఉంది.
ఎడమ చెవిని టర్బైన్లకే ఇచ్చేసింది.
మీటర్ల వంక చూడదు,
చేతి తొడుగు విప్పి కమ్మీమీద అరచెయ్యి ఆనిస్తుంది.

మూడూ పన్నెండుకి మంట అంటుకుంది.
చిన్న కిటికీలోంచి చూశాను:
కదిలిపోతూ, కదిలిపోతూ,
బర్నరు అంచుని పళ్ళతో కరుచుకుని నిలబడింది.
మాకు అలవాటైన ఈల కాదు,
లోతుగా, బొంగురుగా ఏదో.
"గొంతు మారిన కుర్రాడిలా ఉన్నాడు," అంది బ్రెండా,
"భయపడకు, వీడు ఇలాగే మాట్లాడతాడు."
బరువైన వాయువులో శబ్దం నెమ్మదిగా నడుస్తుందని
నేను సూత్రం చెప్పబోయాను.
ఆమె అప్పటికే కళ్ళు మూసుకుంది.

పంతొమ్మిది నిమిషాలు.
తర్వాత ఏడో సెన్సరు పిచ్చి అంకెలు చూపించింది, ఆపేశాం.

కింద వాల్వు తిప్పి
గాజు సీసాలోకి నీళ్ళు పట్టింది బ్రెండా.
మంట కన్న నీళ్ళు, ఇంకా గోరువెచ్చగా.
వాసన చూడబోతే చెయ్యి పట్టుకుంది:
"పులుపు. తాగేవి కావు."
సీసామీద తేదీ రాసింది,
వంకర అక్షరాలతో, జాగ్రత్తగా.

నీళ్ళు పోగా మిగిలేది ఒక్కటే.
దాన్ని ఒత్తి, గొట్టమెక్కించి,
గ్యాసు తోడుకున్న సముద్రం కిందికే
తిరిగి పంపాలని మా ప్లాను.
ఆ గొట్టం ఇంకా నీలిగీతల్లోనే ఉంది.
ఈ రాత్రి పట్టుకున్నదంతా
పైకప్పు మీంచి అందరి గాల్లోకే వదిలేశాం.
రిపోర్టులో ఆ సంగతి నాలుగో పేజీలో,
చిన్న అక్షరాల్లో.
రేపు దాన్ని మొదటి పేజీకి తెస్తాను, మేనేజరు ఏమన్నా సరే.

తెల్లవారుజామున కొలను పక్కనుంచి నడిచాను.
హంస రెక్కలో తల దూర్చి పడుకుంది.
నా నోట్లోంచి తెల్లటి ఆవిరి.
పిలవకపోయినా చుట్టం లోపలికొచ్చాడు,
కాస్త వెచ్చబడ్డాడు,
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.